బోణీ ఇద్దరిదీ

కొత్తగా దుకాణం తెరిచేవాళ్ళ పిలుపు కార్డులు ఇప్పుడు పెళ్ళి శుభలేఖలకు ఏమాత్రం తీసిపోవడం లేదు. తిథి, లగ్నం, 'బంధుమిత్ర సపరివారంగా విచ్చేసి' అన్నీ ఉంటాయి. వెళితే గుమ్మానికి అరటి బోదెలు, మామిడాకు తోరణం, వీధికి అడ్డంగా షామియానా, చెవులు చిల్లులు పడేలా మైకు, ఎర్ర రిబ్బను, వార్డు పెద్దమనిషి చేతిలో కత్తెర. వచ్చినవాళ్ళకి ఓ స్వీటు, ఓ హాటు, ఓ కూల్‌డ్రింకు. ఇదంతా ఏ నగల షాపుకో బట్టల మాలుకో అయితే నాకు పట్టింపు లేదు. వాళ్ళ డబ్బు, వాళ్ళిష్టం. కానీ పొదుపు సంఘంలో లక్ష రూపాయలు అప్పు తీసుకుని ఇంటి ముందు గదిలో జాకెట్లు కుట్టడానికో, పచ్చళ్ళు అమ్మడానికో, కర్రీ పాయింట్ పెట్టడానికో సిద్ధపడిన ఆడమనిషి కూడా అందులో పదిహేను వేలు షామియానాకీ స్వీట్లకీ ధారపోస్తుంటే మాత్రం నోరు ఊరుకోదు.

అదేమంటే, "మొదటిరోజే నలుగురి కళ్ళల్లో పడాలి కదండీ, లేకపోతే బేరాలెలా వస్తాయి?" అంటారు.

నిజమే, కళ్ళల్లో పడాలి. ఎవరి కళ్ళల్లో? ఆ రోజు వచ్చేది మేనత్తలూ, పిన్నులూ, ఆడపడుచులూ, ఎదురింటివాళ్ళూ. వాళ్ళు స్వీటు తింటారు, "బాగుందమ్మా, బాగా నడవాలి" అని దీవిస్తారు, మొహమాటానికి ఓ పావుకిలో ఆవకాయ కట్టించుకుంటారు. దుకాణాన్ని నిలబెట్టేది వాళ్ళు కాదు. మర్నాడు, షామియానా విప్పేశాక, రోడ్డు మీద పోతూ బోర్డు చూసి ఆగి, కాస్త అనుమానంగా గుమ్మంలోకి తొంగిచూసే మనిషి. ఆ మనిషికి మీరు ఎవరో తెలియదు. మీ పచ్చడి రుచి తెలియదు. మీ చేతి మీదా నాలుక మీదా నమ్మకం ఇంకా లేదు. ఆమె లోపల ఉండే అయిదు నిమిషాల్లోనే మీ వ్యాపారం అటో ఇటో తేలిపోతుంది.

ఏలూరులో మా వీధి పొదుపు సంఘం లెక్కల పుస్తకం చాలా ఏళ్ళుగా నా చేతుల్లో ఉంది. అప్పు ఎవరు దేనికి తీసుకున్నారో, వాయిదాలు ఎప్పటిదాకా సరిగా కట్టారో, ఏ నెల నుంచి ముఖం చాటేయడం మొదలుపెట్టారో నాకు కంఠతా వచ్చు. 1982లో కేంద్రం మొదలుపెట్టిన డ్వాక్రా పథకం 1990ల్లో మన రాష్ట్రంలో ఊరూరా పాకింది. అప్పట్నుంచీ ఆడవాళ్ళకి అప్పు పుట్టించే దారులు పెరుగుతూనే వచ్చాయి. శిక్షణలూ ఇస్తున్నారు. అప్పడాలు ఎలా వత్తాలో, అగరువత్తులు ఎలా చుట్టాలో, మిషను ఎలా తొక్కాలో చెబుతున్నారు. తెలియని మనిషి గుమ్మంలోకి వచ్చినప్పుడు ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పినట్టు కనిపించదు. అది సహజంగా వచ్చేస్తుందని అనుకుంటారు కాబోలు. రాదు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఆదరించడం వేరు, కొనడానికి వచ్చిన మనిషితో మాట్లాడటం వేరు.

అసలు మన వ్యాపారం అంతా 'బోణీ' చుట్టూ తిరుగుతుంది. పొద్దున్నే మొదటి బేరం డబ్బు కళ్ళకద్దుకుంటారు, తక్కెడకి తాకిస్తారు, గల్లాపెట్టెలో దేవుడి పటం ముందు పెడతారు. బోణీ కాకుండా అరువివ్వరు, వాపసు సరుకు ముట్టుకోరు. మొదటి మనిషి ఏదీ కొనకుండా వెళ్ళిపోతే ఆ రోజంతా మనసులో ఏదో ముల్లు. ఇది తెలిసి పొద్దున్నే వచ్చి గీచి గీచి బేరమాడే ఘనులూ ఉన్నారు. "బోణీ బేరం, కాదనకూడదు" అని నష్టానికైనా ఇచ్చేస్తారని వాళ్ళ ధైర్యం. ఇందులో పెద్ద తప్పేమీ లేదు, నమ్మకాలు నమ్మకాలే. నా పేచీ అంతా ఒక్కదాంతో. బోణీ అంటే దుకాణదారుకి జరిగే మొదటి బేరం అనే మనం అనుకుంటున్నాం. ఆ మనిషికి కూడా ఆ దుకాణంతో అదే బోణీ అని ఎందుకు అనుకోం?

అనుకోకపోబట్టే కదా ఇలాంటివి జరుగుతున్నాయి. పేరు చెప్పను గానీ, మా వైపే కొత్తగా పెట్టిన ఒక ఫాన్సీ షాపు. నడిపేది ఆడమనిషే, నలభై లోపు వయసు, చదువుకున్నదే. ఉదయం తొమ్మిదికి మా పక్కింటి పెద్దావిడ మనవరాలికి గాజులు కొందామని వెళ్ళారు. నేను అదే వరసలో మందుల షాపు ముందు నిలబడి ఉన్నాను. పెద్దావిడకి భర్త పోయి మూడేళ్ళయింది. ఆవిడ మెట్టెక్కబోతుంటే లోపల్నుంచి, "కాసేపాగి రండి పిన్నిగారూ, ఇంకా దీపం పెట్టుకోలేదు" అని వినబడింది. పటం ముందు దీపం వెలుగుతూనే ఉంది. రోడ్డు మీద నుంచి నాకే కనబడింది, మెట్టు మీదున్న ఆవిడకి కనబడదా? ఆవిడ ఏమీ అనలేదు. "అలాగేనమ్మా" అని కొంగు సర్దుకుని వెనక్కి తిరిగారు. గాజులు మెయిన్ బజార్లో కొన్నారట, తర్వాత చెప్పారు. ఆ షాపు సంగతి తనంతట తాను ఎవరితోనూ అనలేదు గానీ, మనవరాలి ఓణీల ఫంక్షనుకి కావలసినవన్నీ ఆ ఇంటివాళ్ళు ఆ వీధి దాటే కొన్నారు.

డబ్బు లెక్క సరే. దానికంటే నన్ను బాధపెట్టిన విషయం వేరే ఉంది. ఆడమనిషి తన కాళ్ళ మీద తాను నిలబడాలని పెట్టిన దుకాణం అది. అలాంటి చోట ఇంకో ఆడమనిషికి దొరికిన మొదటి మాట 'నువ్వు ఇప్పుడు రాకు' అని. మగవాళ్ళ దుకాణాల్లో ఈ పట్టింపు ఉంటే తిట్టుకున్నాం. మన దుకాణాల్లోకి కూడా దాన్ని పసుపు కుంకుమలతో పాటు తెచ్చి పెట్టుకుంటే ఇక తేడా ఏమిటి? ఆవిడిచ్చే నూరు రూపాయల నోటు సంఘం వాయిదాకి చెల్లదా?

ఇక అలంకారం మాటకొస్తాను. దుకాణం శుభ్రంగా ఉండాలి, నిజమే. రంగులూ లైట్లూ కూడా ఉండొచ్చు. కానీ మన ప్రాంతంలో కొనేవాళ్ళు పైపై మెరుపు చూసి మోసపోయే రకం కాదు. కొల్లేటి చేపల దగ్గర చూడండి. బుట్ట దించగానే కొనే ఆవిడ చేసే మొదటి పని ఏమిటి? మొప్ప ఎత్తి చూస్తుంది. ఎర్రగా ఉందా, గోధుమ రంగుకి తిరిగిందా? కన్ను ఉబ్బెత్తుగా తేటగా ఉందా, లోపలికి పోయి మసకబారిందా? వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి లేచిందా, సొట్ట అలాగే ఉండిపోయిందా? ఇవన్నీ చూశాకే ధర అడుగుతుంది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు పెద్దది, మహారాష్ట్ర నుంచీ కర్నూలు వైపు నుంచీ లారీల్లో దిగుతుంది సరుకు. అక్కడ బస్తా పైన ఉన్న పాయలు చూసి బేరం కుదుర్చుకునే వెర్రివాడు ఉండడు, అడుగున ఏముందో చూస్తాడు. మా ఏలూరు తివాచీ సంగతీ అంతే. పర్షియా నుంచి వచ్చినవాళ్ళతో ఈ పని ఇక్కడికి వచ్చిందంటారు. తెలిసినవాళ్ళు చేతి తివాచీని ముందు వెనక్కి తిప్పుతారు. పువ్వులు ఎంత అందంగా ఉన్నాయన్నది తర్వాత, వెనక ముడులు ఎంత దగ్గరగా పడ్డాయన్నది ముందు. అంతెందుకు, కుట్టించుకున్న జాకెట్టు చేతికి రాగానే మనం చేసే పని కూడా అదే కదా? తిరగేసి లోపలి కుట్లు చూస్తాం. లోపల గుడ్డ ఎంత వదిలారు, రేపు లావెక్కితే విప్పుకోవడానికి ఉందా అని.

అంచేత కొత్తగా పెట్టేవాళ్ళకి నేను చెప్పేది, మొప్ప మీరే ఎత్తి చూపించండి. కొనేవాళ్ళు అడిగే దాకా ఆగకండి.

భీమడోలు వైపు లంక గ్రామం నుంచి చేపలు తెచ్చే ఒకావిడ ఉంది. మా వీధికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఆమెని చూసి నేను ముచ్చటపడ్డాను. అందరూ 'కొల్లేరు చేపండీ, కొల్లేరు చేప' అని కేకేసేవాళ్ళే. బొచ్చె, శీలావతి లాంటివి చెరువుల్లో మేత వేసి పెంచినవైనా సరే, కొల్లేరు పేరు తగిలిస్తే కిలోకి పది రూపాయలు ఎక్కువ వస్తాయి. ఈవిడ మాత్రం బుట్టలో రెండు భాగాలు చేసి, "ఇయ్యి చెరువు చేపలండి, ఇటు జెల్లలూ మార్పులూ మాత్తరం కొల్లేటివి. రేటు కూడా వేరేనండి, ఆయ్" అంది. ముందు నమ్మబుద్ధి కాలేదు. తన సరుకుని తానే తక్కువ చేసి చెప్పుకునేవాళ్ళు ఉంటారా? నెల తిరిగేసరికి వీధిలో సగం మంది ఆమె కోసమే ఆగడం మొదలుపెట్టారు. చెరువు చేపే కొన్నారు చాలామంది, కాని ఆమె దగ్గరే కొన్నారు. ఆమె పెట్టుబడి ఒక బుట్ట, ఒక కత్తిపీట, ఒక తక్కెడ. షామియానా లేదు.

నమ్మకం పోతే ఎంత దూరం పోతుందో కూడా చేపల దగ్గరే తెలిసొచ్చింది మనకి. మన చెరువుల చేప ఐసులో పెట్టుకుని లారీల మీద బెంగాలు దాకా, అసోం దాకా వెళుతుంది. 2018 జూలైలో చేపల్లో ఫార్మలిన్ అనే మందు ఆనవాళ్ళు కనబడ్డాయని అసోం ప్రభుత్వం ఆంధ్రాతో సహా బయట రాష్ట్రాల నుంచి వచ్చే చేపల మీద పదిరోజులు నిషేధం పెట్టింది. 2019 జనవరిలో పాట్నాలో కూడా ఆంధ్రా చేప అమ్మకం ఆపించారు. ఎవరు కలిపారో, ఎక్కడ కలిపారో, అసలెంత కలిపారో అన్న వాదనలు నడుస్తుండగానే దెబ్బ అందరికీ తగిలింది. ఏ పాపం తెలియని రైతులు కూడా పట్టిన చేపని ఏం చేసుకోవాలో తెలియక కూర్చున్నారు. పదిరోజులకి నిషేధం పోతుంది. మార్కెట్లో నిలబడ్డ గృహిణి మనసులో అనుమానం పదిరోజుల్లో పోతుందా? పెద్ద వ్యాపారం కనుక తట్టుకుంది. మన గల్లీ పచ్చళ్ళ దుకాణానికి అలాంటి దెబ్బ ఒక్కటి తగిలితే లేవదు.

పచ్చళ్ళన్నాను కనుక ఒక మాట. డబ్బా మీద చీటీ అంటించడం అలంకారం కాదండీ. పేరు, చిరునామా, డబ్బా బరువు కాక నికరంగా సరుకు ఎంత, ఏ నెలలో తయారుచేశారు, గరిష్ఠ ధర ఎంత అన్నవి వెయ్యాలని తూనికలు కొలతల చట్టం కింద వచ్చిన 2011 నియమాలు చెబుతున్నాయి. ఆహార పదార్థం కనుక 2006 చట్టం ప్రకారం చిన్న వ్యాపారులు కూడా ఆహార భద్రత సంస్థలో నమోదు చేయించుకోవాలి, ఆ నంబరు కూడా చీటీ మీద ఉండాలి. "ఇంట్లో చేసుకునేదానికి ఇవన్నీ ఎందుకండీ" అంటారు. మొదటిసారి వచ్చిన మనిషి డబ్బా తిప్పి చూసినప్పుడు అక్కడ ఖాళీ కాగితం కనబడితే ఏమనుకుంటుంది? ఇంకో సంగతి. స్వీట్లయినా కారప్పూసయినా అట్టపెట్టెతో సహా తూచే అలవాటు చాలా దుకాణాల్లో ఉంది. అది చట్టప్రకారం తప్పు. పెట్టె పక్కనపెట్టి, అందరికీ కనబడేలా కాటా మీద సున్నా చూపించి తూచండి. దానికి పైసా ఖర్చు లేదు. చిల్లర లేదని చేతిలో చాక్లెట్లు పెట్టే పద్ధతి గురించి నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. ఇప్పుడు ఫోనుతో డబ్బు కడుతున్నారు కనుక ఆ బెడద కొంత తగ్గింది, మంచిదే.

అన్నిటికంటే ఎక్కువ దుకాణాలు మూతబడటం నేను చూసింది కుట్టు పనిలో. కుట్టు బాగా రాక కాదు, బాగా వచ్చినవాళ్ళవే మూతబడ్డాయి. కారణం శ్రావణం.

ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టరు కదా, శ్రావణం రాగానే మంచి ముహూర్తం చూసుకుని మిషను పెడతారు. అప్పటికే ఊళ్ళో ఆడవాళ్ళందరికీ వరలక్ష్మీ వ్రతానికి కొత్త జాకెట్టు కావాలి. పెళ్ళిళ్ళ ముహూర్తాలూ అప్పుడే. పాత టైలర్లు "ఇక తీసుకోలేమండీ" అని చేతులెత్తేస్తారు. వాళ్ళు తిప్పిపంపిన బేరాలన్నీ ఈ కొత్త అమ్మాయి గుమ్మంలోకి వస్తాయి. పాపం, ఆమెకి అది లక్ష్మీదేవి వచ్చినట్టే అనిపిస్తుంది. వచ్చిన ప్రతి జాకెట్టూ తీసుకుంటుంది, అడిగిన ప్రతి తేదీకీ 'సరే' అంటుంది. లైనింగు జాకెట్టు బాగా కుట్టాలంటే బాగానే సమయం పడుతుంది. వర్కు జాకెట్టయితే ఇంకా ఎక్కువ. రోజుకి నాలుగు కుట్టగలిగిన చేయి పది ఒప్పుకుంటే గురువారం రాత్రికి ఏమవుతుంది? "రేపు పొద్దున్నే రండి వదినగారూ, హుక్కులు కుట్టడమే మిగిలింది." పొద్దున్న వెళితే గుడ్డ ఇంకా కత్తిరించలేదు. శుక్రవారం పూజ పీట ముందు కూర్చున్న మనిషి ఒంటి మీద పాత జాకెట్టు ఉంటుంది, మనసులో దేవి బదులు ఈ టైలరమ్మాయే ఉంటుంది.

మా సంఘంలో అలా ఒక అమ్మాయి ఒక్క శ్రావణంలో వచ్చిన బేరాలన్నీ ఒక్క శ్రావణంలోనే పోగొట్టుకుంది. నిద్ర లేకుండా కుట్టిందండీ, కళ్ళు వాచిపోయేలా కుట్టింది. అందరికీ కోపమే మిగిలింది. ఆశ్వయుజంలో మిషను మీద దుప్పటి కప్పేసి ఉంది. వాయిదా కోసం మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టింది. ఇంట్లోవాళ్ళు, "మేం ముందే చెప్పాం, నీకెందుకీ వ్యాపారాలని" అన్నారట. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మగపిల్లవాడు పెట్టిన సెల్లు షాపు మూతబడితే 'టైము బాగాలేదు' అంటారు. ఆడపిల్ల మిషను ఆగిపోతే 'ఆడవాళ్ళకి ఇది చేతకాదు' అంటారు. ఒక్కరి నష్టం అందరి నెత్తినా వేసేస్తారు.

ఆ అమ్మాయికి కావలసింది ఇంకాస్త కష్టపడే గుణం కాదు. 'కుదరదండీ' అనే ఒక్క మాట. "ఈ శుక్రవారానికి ఇవ్వలేను, పై మంగళవారానికి ఖాయంగా ఇస్తాను" అని గోడ మీద క్యాలెండరులో చూపించి చెబితే కొందరు వెళ్ళిపోతారు. వెళ్ళనివ్వండి. ఉన్నవాళ్ళకి మంగళవారం జాకెట్టు అందితే వాళ్ళు దసరాకి వస్తారు, సంక్రాంతికి చెల్లెల్ని తీసుకొస్తారు. చిన్నప్పట్నుంచీ మనకి కాదనడం నేర్పలేదు. అత్తగారు అడిగినా సరే, ఆడపడుచు అడిగినా సరే అనే పెరిగాం. వ్యాపారంలో కూడా ఆ నోరు అలాగే వస్తుంది.

అరువు గొడవ కూడా ఈ మొహమాటం తాలూకుదే. మొదటి వారమే అరువు అడిగేవాళ్ళు ఎప్పుడూ తెలిసినవాళ్ళే అయి ఉంటారు. మొహం మీద ఎలా అనడం అని ఇస్తారు. ఆ తర్వాత అడగలేరు. అడిగితే చుట్టరికం చెడుతుంది, అడక్కపోతే దుకాణం చెడుతుంది. ధర తక్కువ పెట్టి మొదలుపెట్టడం కూడా అంతే ప్రమాదం. జాకెట్టుకి నూటయాభై అని మొదలుపెట్టి మూడు నెలల్లో రెండొందల యాభై అంటే, కొనేవాళ్ళకి అది మోసంలా కనబడుతుంది. మీ చేతి పని విలువ ఎంతో మొదటి రోజే తేల్చుకుని గోడ మీద రాసిపెట్టండి. మీ చేయి మీరే తక్కువ చేసుకుంటే ఎదుటివాళ్ళు ఎక్కువ చేస్తారా?

వాట్సాపులో చీరలు అమ్మే అమ్మాయిలకి గుమ్మం లేదు, ఫోటోయే గుమ్మం. దీపాలన్నీ వేసి తీసిన ఫోటోలో రాణీ రంగు, ఇంటికొచ్చాక ఇటుక రంగు. అడిగితే, "పార్సిలు విప్పేటప్పుడు వీడియో తీశారా? లేకపోతే వాపసు లేదు" అని జవాబు. మెయిన్ బజారు దుకాణాల్లో ఏనాటి నుంచో 'అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు' అని ఎర్రక్షరాల బోర్డు ఉంటుంది కదా, దానికి ఇది కొత్త అవతారం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు ఏదీ రాయకపోతే ముప్పై రోజుల్లోగా వాపసు తీసుకోనంటే అది అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. నాకు తెలిసిన ఒక అమ్మాయి రాత్రి ఫోటోలు పెట్టదు. పగటి వెలుగులో మేడ మీద దండెం మీద ఆరేసి తీస్తుంది, అంచూ కొంగూ విడిగా చూపిస్తుంది, ఎక్కడన్నా దారం పోగు లేచి ఉంటే దాన్ని కూడా ఫోటో తీసి ధర తగ్గించి పెడుతుంది. ముందు ఆ లోపమున్న చీరలే అమ్ముడుపోతున్నాయని నవ్వుతూ చెప్పింది.

ఇంతవరకూ అమ్మేవాళ్ళకే సుద్దులు చెప్పాను. కొనేవాళ్ళం మనమేం తక్కువ తిన్నామా? ఏసీ మాలులో చీటీ మీద ఎంత రాసి ఉంటే అంతా నోరెత్తకుండా కట్టి, కవరుకి కూడా వేరే డబ్బిచ్చి వస్తాం. ఇంటి ముందు గదిలో దుకాణం పెట్టిన ఆడమనిషి దగ్గర మాత్రం పది రూపాయల కోసం పావుగంట గీచి గీచి బేరమాడతాం. లోపలికి అడుగు పెట్టగానే "మీ ఆయన లేరా?" అని అడుగుతాం. బోర్డు మీద ఆమె పేరుంది, అప్పు కాగితం మీద ఆమె సంతకముంది, ధర మాత్రం ఆయన చెబితేనే నమ్ముతాం. కొన్ని దుకాణాల్లో ఈ పోరు పడలేక సాయంత్రాలు ఆయన్నే తెచ్చి కౌంటర్లో కూర్చోబెడుతున్నారు. ఆయనకి ఏ పచ్చడిలో ఏ నూనె వేశారో కూడా తెలియదు.

తినే పదార్థమయితే ఇంకో ప్రశ్న. "మీరేమిట్లండీ?" అని. మర్యాదగానే అడుగుతారు, నవ్వుతూనే అడుగుతారు. జవాబుని బట్టి కొంటారు, లేదా "మళ్ళీ వస్తాం" అంటారు. ఇంటిపేరు చెప్పుకుని పచ్చళ్ళు అమ్ముకోగలిగినవాళ్ళు అమ్ముకుంటున్నారు. ఆ పేరు లేనివాళ్ళు ఎంత శుభ్రంగా వండినా మొదటి మెట్టు మీదే ఓడిపోతున్నారు. ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్ళని, "మా వంటగది ఇటుందండీ, లోపలికి వచ్చి చూడండి" అని పిలిచిన కర్రీ పాయింట్ ఆవిడని నేనెరుగుదును. కులం చెప్పలేదు. గిన్నెలూ, నూనె డబ్బాలూ, నీళ్ళ ఫిల్టరూ చూపించింది. కొందరు వెళ్ళి చూశారు, కొన్నారు. కొందరు గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. వాళ్ళ కోసం ఆమె వంట మార్చలేదు, జవాబూ మార్చలేదు.

తాడేపల్లిగూడెంలో మా చెల్లెలి ఇంటి దగ్గర ఇడ్లీల బండి పెట్టిన ఆవిడ పరిస్థితి ఇంకా కష్టం. భర్త పోయాకే ఆ బండి పెట్టింది. పొద్దున్న ఆరుకల్లా వాయ దించేది. వచ్చినవాళ్ళు మాత్రం కాస్త ఎడంగా నిలబడి కబుర్లాడుకుంటూ ఉండేవారట, ఎవరో ఒకరు ముందు కొంటారు కదా అని. ఆమె చేతి మీదుగా తమకి బోణీ వద్దు. కొడుకు వచ్చి పొట్లాలు కట్టడం మొదలుపెడితే గానీ ముందుకు వచ్చేవారు కాదు. "పిల్లాణ్ణి ముందు నిలబెట్టరాదూ, బేరాలు బాగుంటాయి" అని చెల్లెలే సలహా ఇచ్చిందట. ఆవిడ, "ఆడికి బడుందండీ. ఆడు సదువుకోడానికేగా ఈ బండి" అంది. వాయ చల్లారిపోతే ఆ ఇడ్లీలు పక్కన పెట్టేసి మళ్ళీ వేడి వాయ పెట్టేది తప్ప, చల్లారినవి ఎవరికీ కట్టేది కాదు. మొదటి నెలంతా రోజూ ఎంతో కొంత పిండి నష్టమే. రైలుకి వెళ్ళే కుర్రాళ్ళకి ఈ పట్టింపులు లేవు, ఆలస్యమైపోతుందన్న కంగారే ఉంది. వాళ్ళు ఆరింటికే తినడం మొదలుపెట్టారు. వాళ్ళని చూసి ఆటోవాళ్ళు, ఆటోవాళ్ళని చూసి ఎడంగా నిలబడ్డవాళ్ళు.

పోయిన కార్తీకంలో నేను గూడెం వెళ్ళినప్పుడు మా చెల్లెలు నన్ను ఆరు కాకముందే లేపేసింది. ఆరున్నర దాటితే అల్లం చట్నీ ఉండదట.